పారబోసిన నీళ్లు

పోయిన వారం ఐలవ్వను మనం కరీంనగర్ బస్టాండులో దింపి వదిలేశాం. చదివేవాళ్లకు మధ్యలో ఏడు రోజులు గడిచాయి గాని ఆమెకు గడిచింది పావుగంటే. కొడుకు రిక్షా మాట్లాడుతున్నాడు. మొగుడిని రిక్షాలోకి ఎక్కించడానికి ఇద్దరు మనుషులు కావాలి, ఉన్నదే ఇద్దరు. మూట పట్టుకునే చేతులు లేక ఆమె గింజల మూటను నడుముకు కట్టుకుంది.

ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. పర్శరాములు సిరిసిల్లలో పేరున్న నేతగాడు. ఆరేళ్ల కింద కుడిచేతి బొటనవేలిలో మొదలైన వణుకు మెల్లమెల్లగా ఒళ్లంతా పట్టుకుంది. ఇప్పుడు కూర్చోబెడితే కూర్చుంటాడు, పడుకోబెడితే పడుకుంటాడు, అంతే. మాట గొంతు దాటి రాదు. నాలుగేళ్ల కింద కోడలు బాలలక్ష్మికి పుట్టిన బిడ్డ దక్కలేదు, ఆమె కూడా బాలింత జ్వరంతో పోయింది. పదకొండో నాడు కొడుకు కొండల్ సంచి సర్దుకుని భీవండి వెళ్లి అక్కడి పవర్‌లూముల కార్ఖానాలో చేరాడు. అలా వెళ్లినవాడు మళ్లీ గడప తొక్కలేదు. ఎందుకు తొక్కలేదో తల్లికి కూడా చెప్పలేదు.

ఈ మాఘంలో ఉట్నూరు అడవుల వైపు నుంచి సరుకు తెచ్చి ఊరూరా అమ్ముకునే సక్కుబాయి దూలగొండి గింజలు ఇచ్చిపోయింది. అవి తిన్న నాలుగో నాడు పర్శరాములు తనంతట తాను లేచి కూర్చున్నాడు. తొమ్మిది రోజులు నడిచాడు, మాట్లాడాడు, మగ్గం గుంటలో దిగి జానెడు బట్ట నేశాడు. ఆ తొమ్మిది రోజుల్లో వందసార్లు అన్న మాట ఒకటే. "కొండల్‌ను పిలిపియ్యి. వానితోని మాట్లాడాలె." ఏం మాట్లాడాలో పెళ్లానికి చెప్పలేదు. ఐలవ్వ ఉత్తరం రాయించింది. అది భీవండి చేరి, కొండల్ సేటు కాళ్లావేళ్లా పడి నాలుగు రోజుల సెలవు సంపాదించి, రైల్లో కామారెడ్డి దాకా, అక్కడినుంచి బస్సులో ఇల్లు చేరేసరికి నలభై రోజులు పట్టింది. అప్పటికి తండ్రి మళ్లీ కొయ్యబారిపోయి ఉన్నాడు.

"నన్ను రప్పియ్యనీకె అబద్ధం రాయించినవా అవ్వా?" అని కొడుకు తల్లి మీద ఇంతెత్తున లేచాడు. గింజలు అవే, పొయ్యి అదే, తినిపించే చెయ్యి అదే. మరి మందు ఎందుకు పని చేయడం మానేసింది? వేములవాడ రాజన్నకు మొక్కిన కోడెను ఇంకా గుడిలో కట్టలేదనీ, అందుకే దేవుడు ఇచ్చింది తీసుకున్నాడనీ వాడకట్టంతా అన్నారు. ఐలవ్వ కూడా అదే నమ్మింది. కొండల్ సెలవులో మూడు రోజులు అయిపోయాయి. రేపు పొద్దున పది గంటల బస్సుకు అతను వెళ్లిపోవాలి. ఈలోగా మొగుడి నోటి నుంచి కొడుకుతో ఒక్క మాట అనిపించాలన్నదే ఐలవ్వ పంతం. అందుకే ఈ ప్రయాణం.

డాక్టరు లింగమూర్తికి ముప్పై ఏళ్లుంటాయి. హైదరాబాదులో చదివి వచ్చి కరీంనగర్‌లో రెండు గదుల దవాఖానా పెట్టుకున్నాడు. ఒక గదిలో రోగులు, ఒక గదిలో పుస్తకాలు. పుస్తకాల గదే పెద్దదని అతని కాంపౌండరు వచ్చినవాళ్లందరికీ చెప్పి సణుగుతుంటాడు. ఆ సణుగుడు విననట్టే నటించడం డాక్టరుకు బాగా అలవాటు.

అతను పర్శరాములు మోచేతిని వంచి చూశాడు. అది ఒక్కసారిగా వంగలేదు, కొంచెం కొంచెంగా ఆగి ఆగి వంగింది. కళ్లలోకి చూశాడు. రెప్పలు పడడం లేదు. "ఎన్నేండ్లాయె?" అని అడిగి, జవాబు రాసుకుని, గింజల మూట విప్పించాడు. నల్లగా నున్నగా ఉన్న గింజలను అరచేతిలో పోసుకుని చాలాసేపు చూశాడు.

"ఇవి దూలగొండే. తొమ్మిది రోజులు నిజంగనే నడిచిండా అవ్వా?"

"రాజన్న తోడు సారూ. వాడకట్టంత చూసిండ్రు. మా కొడుకే నమ్మడు."

గోడకు ఆనుకుని నిలబడ్డ కొండల్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

"ఎట్ల వండినవు? మొదటిసంది చెప్పు. ఏది ఇడిచిపెట్టకు."

ఇలా అడిగినవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు. అందరూ మొక్కు సంగతి అడిగారు, మడి సంగతి అడిగారు, ముట్టు అంటు అడిగారు. వంట సంగతి అడిగేసరికి ఐలవ్వ ముఖం విప్పారింది. వంటలో ఆమె వంక పెట్టించుకునే మనిషి కాదు.

"మొదలు నాకు తెల్వలే సారూ. గుప్పెడు గింజలు ఒక్క నీళ్లల్నే ఉడికించిన. పొట్టు తీసి దంచి, గా నీళ్లతోనే జొన్నపిండి గట్క కలిపి తాపిన. మొదటి మూడు దినాలు కక్కుకున్నడు. రాత్రి నిద్ర లేదు. అయినా లేసిండు, నడిచిండు. ఆయన నడువబట్టిన పదో నాడు సక్కుబాయి మల్ల వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నది. 'అగ బాయీ! గిట్ల తినిపిస్తవా? మనిషి పాగల్ అయితడు, పానం పోతది. మా దిక్కు పిల్లజెల్ల అందరం తింటం గని ఏడు నీళ్లు పారబోసినంకనే తింటం' అన్నది. నా గుండెలు జారిపోయినయి సారూ. చేతులార సంపుకునేదాన్ని కదా అనుకున్న. గప్పటిసంది ఒక్కనాడు తప్పలే. కోడి కూయకముందే లేసి పొయ్యి ముట్టిస్త. ఉడికించుడు, పారబోసుడు. మల్ల ఉడికించుడు, మల్ల పారబోసుడు. ఏడు నీళ్లు. ఏడో నీళ్లు మంచినీళ్ల లెక్క తేటగ వచ్చేదాక ఇడువ."

చెప్పి, మెప్పు కోసం చూసినట్టు అతని ముఖంలోకి చూసింది. లింగమూర్తి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"గా నీళ్లు ఏం చేసినవు?"

"ఏం చేస్త సారూ? మోరిల పారబోసిన."

అతను లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. బయట కాంపౌండరు ఎవరితోనో గొడవ పడుతున్నాడు. ఇంత చదువుకున్నవాడికి అప్పుడు ఒక అబద్ధం చెప్పడం చేతకాలేదని నాకు అతని మీద ఇప్పటికీ కోపం. రోగం ముదిరింది అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. కాని రేపు మళ్లీ ఆమె తెల్లవారకముందే లేచి ఏడు నీళ్లు పారబోస్తుంది. చెప్పకుండా ఎలా ఉంటాడు?

"అవ్వా, మందు గింజల లేదు ఇప్పుడు. మందు నువ్వు పారబోసిన నీళ్లల్లకు పోయింది."

ఐలవ్వకు అర్థం కాలేదు. కొండల్‌కు సగమే అర్థమైంది. అతను గోడ వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు.

"జర సమజయ్యేటట్టు చెప్పున్రి సారూ."

"మీరు నేతోళ్లు కాబట్టి మీ లెక్కల్నే చెప్త. మనిషి చెయ్యి లేవాలన్నా, కాలు కదలాలన్నా మెదడుల ఒక సరుకు తయారు కావాలె. దాన్ని డోపమైన్ అంటరు. మీ బాపుకు అది తయారుచేసే జాగ ఎండిపోతున్నది. అయితే మనం ఆ సరుకునే మందు లెక్క పోస్తే సరిపోదా అంటే, సరిపోదు. మెదడుకు ఒక దర్వాజ ఉంటది. నేసిన బట్ట పట్టుకపోతే లోపలికి రానియ్యది. నూలు పట్టుకపోతే రానిస్తది. లోపల తనే నేసుకుంటది. ఈ గింజల ఉన్నది గా నూలు. డోపా అని పేరు. పప్పుల, పాలల్ల, గుడ్లల్ల అమైనో ఆమ్లాలని ఉంటయి, ఇది గూడ గా జాతిదే. రక్తంల కలిసి మెదడుకు పోతది. మెదడు దాంట్లకెల్లి ఒక తునుక తీసేసి డోపమైన్ చేసుకుంటది. గట్ల చేసుకున్న తొమ్మిది రోజులు మీ బాపు నడిచిండు."

"మరి ఏడు నీళ్లు?"

"వేడినీళ్లల్ల అది దిగిపోతది. ఒక్కో నీళ్లకు ఇంత. ఏడు నీళ్లు పారబోసినంక మిగిలేది ఉత్త పిండి."

"అంటే సక్కుబాయి అబద్ధం చెప్పిందా?"

"లేదు లేదు. ఆమె చెప్పింది నిజమే. వాళ్లకు అది తిండి. కరువు రోజులల్ల కడుపు నిండ తినేటోళ్లు గా మందంత తింటే నిజంగనే పానం మీదికి వస్తది. అందుకే పారబోస్తరు. మీ అవ్వకు కావాల్సింది తిండి కాదు, మందు. ఇద్దరు ఒక్కటే గింజను పట్టుకున్నరు గని ఇద్దరి పని వేరు. ఇంకో మాట చెప్త ఇను. ఈ మందు పెద్దగ పెడితే మంచం పట్టినోళ్లు లేసి నడుస్తున్నరని పోయినేడు వచ్చిన బయటిదేశం పత్రికల చదివిన. దూలగొండిల అది ఉంటదని మా పాత పుస్తకాలల్ల ఉన్నది. రెండూ నాకు తెలుసు. ఎన్నడు కలిపి చూడలే. మీ అవ్వ కలిపింది."

ఆ మెప్పు ఐలవ్వ చెవిన పడలేదు. ఆమె నేల మీద చతికిలబడి, ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ముట్టుకుంటోంది. ఐదో వేలి దగ్గర ఆగి, తలెత్తి అడిగింది.

"ఏడు నీళ్లల్ల ఎన్నో నీళ్లల్ల పోయింది సారూ?"

లింగమూర్తి ఈ ప్రశ్నకు సిద్ధంగా లేడు. "మొదటి రెండు మూడింట్లనే చాలావరకు పోయుంటది" అన్నాడు.

"మరి నాలుగో నీళ్లకాడ్నన్న ఆగుతుంటి కదా. అలిసిపోయిన సారూ, నాలుగో నీళ్లకాడ ఒక్కోనాడు నడుము లేవకపోయేది. అయినా ఇడువలే. ఎవరన్న చెప్తే ఇడుస్తుంటి."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నలభై రోజులు చీకట్లో లేచి, పొగకు కళ్లు మండుతుంటే, మొగుడి చేతులను, కాళ్లను, మాటను తానే వడగట్టి మోరీలో పోసి, మిగిలిన పిండిని ప్రేమగా నోట్లో పెట్టింది. అతను తినడం కష్టమైన రోజు బుజ్జగించింది, ఒకనాడు మింగనందుకు విసుక్కుంది కూడా. అవన్నీ ఇప్పుడు ఒకదాని వెంట ఒకటి గుర్తుకొచ్చాయి. అంత పనీ చేసింది ఓపిక లేక కాదు, ఓపిక ఎక్కువై.

తల్లి దగ్గరికి కొండల్ రాలేదు. డాక్టరు వైపే చూస్తూ నిలబడ్డాడు. నాలుగేళ్లుగా ఎవరికీ చెప్పనిది అతని నోటికి అప్పుడు వచ్చింది.

"చేతులకు మందు దొరికింది, మంచిదే సారూ. మనసుకు గూడ ఏమన్న ఉన్నదా మీ పుస్తకాలల్ల?"

"అంటే?"

"నా పెండ్లాం సచ్చిన నాడు నేను ఊర్ల లేను. నూలు కోసమని హైదరాబాదు పోయిన. తెల్లారి వచ్చేసరికి శవం వాకిట్ల ఉన్నది. అవ్వ గుండెలు బాదుకుంటున్నది. వాడకట్టంత ఏడుస్తున్నది. ఈయన మంచం మీద కూసోని చూస్తుండు. ఎడ్లను చూసినట్టు చూస్తుండు. కంట్ల తడి లేదు. నేను కాళ్లమీద పడి 'బాపూ, బాలలక్ష్మి పోయిందే' అని మొత్తుకున్న. ముఖంల ఒక్క నరం కదలలే. పదకొండు రోజులు చూసిన. ఒక్కసారన్న బాధ కానొస్తదేమోనని చూసిన. రాలే. ఆమె సొంత బిడ్డ లెక్క ఈయనకు తినిపించింది సారూ. కాళ్లు ఒత్తింది. ఇసొంటి మనిషి మొఖం మల్ల చూడొద్దనే పోయిన."

ఐలవ్వ తల ఎత్తలేదు. ఇదే మాట ఆమె కూడా మనసులో అనుకుంది. మనసులోనే కాదు, ఒకసారి అన్నం పెడుతూ పైకే అంది, నీకు గుండె లేదని. అతను వింటూ నమిలాడు.

కొండల్ మాట్లాడినంతసేపూ లింగమూర్తి పర్శరాములు మణికట్టు పట్టుకునే ఉన్నాడు. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, "ఇటు రా" అన్నాడు. "ఇక్కడ పట్టుకో. వణుకు కాదు, నాడి చూడు. దొరికిందా? ఇప్పుడు నీ భార్య పేరు ఇంకోసారి చెప్పు."

"ఎందుకు సారూ?"

"చెప్పు."

ఎత్తి కూర్చోబెట్టడానికి తప్ప కొండల్ తండ్రి చెయ్యి పట్టుకుని నాలుగేళ్లయింది. వేళ్ల కింద నాడి మామూలుగానే కొట్టుకుంటోంది. "బాలలక్ష్మి" అన్నాడు, విసుగ్గా. వేళ్ల కింద ఏదో తన్నింది. మళ్లీ తన్నింది. గబగబా, లెక్క అందనంత వేగంగా తన్నుకుంది. ఆ చెయ్యి ఊగిపోయింది. కొండల్ బెదిరి తండ్రి ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ లేదు. అదే చూపు, అదే బిగిసిన మూతి, నాలుగేళ్ల కింద చూసిందే.

"మొఖం గూడ కండలే కొండల్. నవ్వాలన్నా ఏడ్వాలన్నా గవి కదలాలె. చేతులకు పట్టిన రోగమే మొఖానికి పట్టింది. లోపల అంత ఉన్నది. బయటికి తెచ్చే సరుకు లేదు."

"వణుకు చేతులకే అనుకున్నం సారూ" అన్నాడు కొండల్. "మొఖానికి గూడ ఉంటదని మాకు ఎవలు చెప్పలే."

తండ్రి చెయ్యి వదలకుండా పక్కనే నేల మీద కూర్చున్నాడు. బయట బల్ల మీద కూర్చున్న రోగులు లోపలికి తొంగి చూస్తున్నారు. కాంపౌండరు, ఎవరూ చెప్పకుండానే, వచ్చి తెర లాగి పోయాడు.

ఇంక మందు సంగతి. డోపా విడిగా తీసిన మందు ఈ దేశంలో తనకు దొరకదని లింగమూర్తి ఉన్నదున్నట్టు చెప్పాడు. మిగిలిన దారి గింజలే. ఒకే నీళ్లు పోయాలి, ఆ నీళ్లు తాగించాలి. కాని ఎన్ని గింజల్లో ఎంత మందు ఉంటుందో తనకు తెలియదు. ఎక్కువైతే వాంతులు ఆగవు, గుండె దడ పుడుతుంది, లేనివి ఉన్నట్టు కనబడవచ్చు. "మొదటి తొమ్మిది రోజులు ఎన్ని పెట్టినవో అన్నే పెట్టు. ఒక్క గింజ ఎక్కువ వద్దు. గంటన్నరల తెలుస్తది. తెలిసినంక ఎంతసేపు నిలుస్తదో చెప్పలేను."

ఐలవ్వ మూట విప్పి చూసింది. ఒక్క పూటకే సరిపోయే గింజలున్నాయి. సక్కుబాయి మళ్లీ వచ్చేది ఉగాది దాటాకే.

మర్నాడు తెల్లవారింది. కొండల్ సంచి సర్దుకుని తలుపు పక్కన పెట్టుకున్నాడు. పది గంటల బస్సు తప్పితే సాయంత్రం బండి అందదు, బండి అందకపోతే సేటు పనిలో ఇంకొకడిని పెడతాడు. అయినా అతని చూపు సంచి మీద లేదు.

ఐలవ్వ గింజలను రెండుసార్లు గుప్పిట్లోకి తీసుకుని రెండుసార్లు మళ్లీ గిన్నెలో పోసింది. మూడోసారి ఎసట్లో వేసింది. నీళ్లు నల్లబడ్డాయి. అలవాటు ప్రకారం ఆమె చెయ్యి మసిగుడ్డ మీదికి పోయింది, గిన్నె వంచడానికి. కొండల్ ఆ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె మసిగుడ్డ పక్కన పడేసింది. ఆ నీళ్లలోనే గట్క కలిపింది. తండ్రి తలను కొండల్ తన భుజానికి ఆనించుకుని, కొంచెం కొంచెంగా తాగించాడు. నాలుగేళ్లలో అతను తండ్రికి తినిపించడం అదే మొదలు.

అరగంటకు పర్శరాములు కక్కుకుంటాడేమో అనిపించింది. గొంతు రెండుసార్లు ఎగిసింది. ఐలవ్వ పళ్లెం పట్టుకుని నిలబడింది. కక్కుకోలేదు. గంట దాటింది. పక్కింటి మగ్గం చప్పుడు ఆగి మళ్లీ మొదలైంది. తండ్రి ఎదురుగా కొండల్ నేల మీద కూర్చుని కళ్లార్పకుండా చూస్తున్నాడు.

మొదట వణుకు తగ్గింది. తరువాత కుడిచేతి బొటనవేలు, ఆరేళ్ల కింద రోగం మొదలైన ఆ వేలే, మెల్లగా విడివడి తొడ మీద వాలింది. రెప్పలు పడ్డాయి. ఒకసారి, మళ్లీ ఒకసారి. మూతి బిగువు సడలింది. నుదుటి మీద ముడతలు పడ్డాయి. కనుబొమలు దగ్గరికి వచ్చాయి. మనిషి ముఖంలోకి మనిషి తిరిగి రావడం కొండల్ చూశాడు. ఆ వచ్చిన ముఖం ఏడుస్తోంది. కన్నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, పెదవులు వంకరపోతున్నాయి.

"నేను ఏడ్చిన కొడుకా" అన్నాడు పర్శరాములు. గొంతు బొంగురుగా ఉంది గాని ప్రతి అక్షరం వినబడింది. "గా దినం గూడ ఏడ్చిన. నీకు కానరాలే."

తండ్రి ఒళ్లో తల పెట్టి కొండల్ పసిపిల్లవాడిలా గుక్కపట్టి ఏడ్చాడు. "తప్పాయె బాపూ. నాకు తెల్వలే. నాకు తెల్వదు బాపూ." ఆ చెయ్యి, ఇన్నేళ్లు ఎవరో లేపి పెడితే తప్ప లేవని చెయ్యి, తనంతట తాను లేచి కొడుకు తల మీద పడింది. ఐలవ్వ పొయ్యి దగ్గర నిలబడి ఆ చేతినే చూసింది. నలభై రోజులు తాను మోరీలో పోసింది ఇదే కదా అనుకుంది. అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుని, ఆ ఇద్దరికీ వినబడకుండా ఏడ్చింది.

"లెవ్వు కొడుకా. ఏడ్వనీకె టైము లేదు. నోరు మల్ల ఎప్పుడు పడిపోతదో." పర్శరాములు ఊపిరి కూడదీసుకున్నాడు. "బాలలక్ష్మి పొయ్యేముంగట నా చెయ్యి పట్టుకోని ఒక మాట చెప్పింది. 'ఆయన రాంగనే చెప్పు మామా, మర్చిపోకు' అన్నది. నువ్వొచ్చినవు. కాళ్లమీద పడ్డవు. నా నోరు తెరువలే. నాలుగేండ్ల సంది గా మాట నోట్లనే ఉన్నది, పొద్దుమాపు గదే నములుతున్న."

కొండల్ తల ఎత్తాడు. "ఏమన్నది బాపూ?"

పర్శరాములు నోరు తెరిచాడు. తెరిచి, ఆగాడు. మెడ తిప్పి, తన మెడ తనే తిప్పి, పొయ్యి వైపు చూశాడు. నల్లటి గిన్నె చేతిలో పట్టుకుని ఐలవ్వ అక్కడే నిలబడి ఉంది. నలభై రోజుల తరువాత అతను పెళ్లాంతో మాట్లాడిన మొదటి మాట ఇది.

"నువ్వు జర బయటికి పోవే. నీ ముంగట చెప్పలేను."

ఎందుకని ఐలవ్వ అడగలేదు. గిన్నె కింద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, కొడుకు సంచి పక్కనుంచి నడిచి వాకిట్లోకి వెళ్లింది. బాలలక్ష్మి పోయిన రోజు ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరికి ఈ నాలుగేళ్లలో ఆ తొమ్మిది రోజులు తప్ప నోరు రాలేదు. ఆ నోరు తెరిపించింది రెండో మనిషే.

ఆమె వెనక కొండల్ వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. లోపల గొళ్లెం పడింది.